మన నోట్సులో రెండు లైన్ల ట్రెవెల్యన్ గుర్తున్నాడా?

డబ్లిన్
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరానికి జవాబు రాయడం చాలా ఆలస్యమైంది, క్షమించు. నువ్వు అలిగావని చెల్లెమ్మ మెసేజ్ పెట్టింది కూడా. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పాపకి స్కూలు మారింది, నా ఉద్యోగం ఎప్పట్లాగే ఉంది.  

మిగతా కబుర్లు తర్వాత. ఒక విషయం నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నార్త్‌కోట్–ట్రెవెల్యన్ నివేదిక గుర్తుందా? చిక్కడపల్లి లైబ్రరీలో, కిటికీ పక్క బల్ల మీద, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ నోట్సు. దేన్నైనా రెండు లైన్లలో తేల్చేసే మన మాస్టారు చెప్పిందే రాసుకున్నాం. "1854. బ్రిటన్‌లో సివిల్ సర్వీసు ఉద్యోగాలు సిఫార్సు మీద ఇవ్వకూడదు, బహిరంగ పోటీ పరీక్ష పెట్టాలి. పదోన్నతి ప్రతిభను బట్టి ఇవ్వాలి." అయిపోయింది, తర్వాతి ప్రశ్న. నువ్వు దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీశావు. ఆ ట్రెవెల్యన్ ఒక మనిషి అనీ, అతనికి పెళ్లాం బిడ్డలు ఉన్నారనీ మనకి ఒక్కసారి కూడా తోచలేదు.

మొన్న మా ఆఫీసులో పనిచేసే ఒక ఐరిష్ పెద్దాయన నన్ను స్ట్రోక్స్‌టౌన్ తీసుకెళ్లాడు. ఐర్లండ్ నడిమధ్యన, రాస్‌కామన్ కౌంటీలో చిన్న ఊరు. అక్కడి పాత జమీందారు బంగళా పక్కనే జాతీయ కరువు మ్యూజియం ఉంది. 1845లో ఇక్కడ బంగాళాదుంప పంటకి తెగులు వచ్చింది. పేదవాళ్లకి దుంప తప్ప వేరే తిండి లేదు. ఆ కొద్ది ఏళ్లలో సుమారు పది లక్షల మంది ఆకలితోనూ, దాని వెంట వచ్చిన జ్వరాలతోనూ పోయారు. అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కి దేశం వదిలేశారు. 1841 లెక్కల్లో ఈ ద్వీపం జనాభా 80 లక్షలు దాటింది. ఈనాటికీ మళ్లీ అంతమంది కాలేదు! ఆ బంగళా ఎస్టేటు నుంచే 1847లో 1,490 మంది కౌలుదార్లని కాలువ గట్టు వెంబడి డబ్లిన్ దాకా నడిపించి, అక్కణ్ణుంచి కెనడా వైపు పంపించేశారు. పిల్లల్ని చంకనేసుకుని నడిచినవాళ్లు, బావా.

ఆ గోడల మీది రాతలు చదువుతూ పోతుంటే ఒక పేరు మళ్లీ మళ్లీ కనబడుతోంది. చార్లెస్ ట్రెవెల్యన్, లండన్ ఖజానా శాఖ. కరువు సాయం డబ్బంతా అతని చేతి మీదుగానే నడిచిందట. నేను పెద్దాయన్ని అడిగాను, "పోటీ పరీక్షల నివేదిక రాసిన ట్రెవెల్యన్ ఇతనేనా?" అని. ఆయన నా వంక వింతగా చూశాడు. ఆయనకి నివేదిక సంగతి తెలీదు. నాకు కరువు సంగతి తెలీదు. ఇక్కడ ఆ పేరు చిన్నపిల్లలకి కూడా తెలుసు. స్టేడియంలో వేలమంది గొంతు కలిపి పాడే ఒక పాటలో అతని పేరు వస్తుంది, అదీ తిట్టులాగే.

ఆ రోజు నుంచి దొరికిందల్లా చదువుతున్నాను. మొదట్నుంచీ చెప్తాను విను.

పుట్టింది 1807లో, ఇంగ్లండులో టాంటన్ అనే ఊళ్లో. తండ్రి చర్చిలో పెద్ద హోదాలో ఉన్నవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకి శిక్షణ ఇచ్చే హెయిలీబరీ కాలేజీలో చదివి 1826లో బెంగాల్ సర్వీసులో చేరాడు. ఢిల్లీలో వేశారు. అక్కడ రెసిడెంటు, అంటే కంపెనీ ప్రతినిధి, సర్ ఎడ్వర్డ్ కోల్‌బ్రూక్, కంపెనీ కొలువులో తల నెరిసిన పెద్దమనిషి. ఆయన లంచాలు తింటున్నాడని ఈ కుర్రాడు 1829లో ఫిర్యాదు చేశాడు. వయసు 22! తన పై అధికారి మీద, ఊళ్లోని తెల్లవాళ్లంతా ఆ పెద్దమనిషి పక్షాన నిలబడ్డా వెనక్కి తగ్గలేదు. విచారణ జరిగింది, నేరం రుజువైంది, కోల్‌బ్రూక్ ఉద్యోగం ఊడింది. ఇది చదివి నేను నిజంగా లేచి నిలబడ్డాను. నువ్వు ప్రొబేషన్‌లో ఉండగా ఇసుక లారీల గొడవలో చేసిన పని గుర్తొచ్చింది. ఆ తర్వాత బెంగాల్‌లో ఊరు ఊరికీ సరుకు మీద వేసే సుంకాలని తీసేయమని రిపోర్టు రాశాడు. వాటినీ తీసేశారు.

పెళ్లి కథ ఇంకా బాగుంటుంది. 1834లో కలకత్తాలో మెకాలే చెల్లెలు హానాని చేసుకున్నాడు. అవును, ఆ మెకాలేనే, మనకి ఇంగ్లీషు చదువు పెట్టమని 1835లో మినిట్ (అధికారిక అభిప్రాయ పత్రం) రాసినవాడు! ఇద్దరూ బావమరదులు, మన మాస్టారు ఇది చెప్పనేలేదు. మెకాలే తన ఇంటికి ఉత్తరం రాస్తూ కాబోయే బావగారి గురించి చెప్పాడు. ఇతనికి పోచికోలు కబుర్లు రావట, ప్రేమించిన పిల్ల దగ్గర కూర్చున్నా ఆవిరి ఓడలూ, చక్కెర మీద సుంకాలూ, మన దేశం వాళ్ల చదువులూ, తూర్పు దేశాల భాషలకి ఇంగ్లీషు అక్షరాలు పెట్టడమూ, ఇవే మాట్లాడతాడట. పెళ్లిచూపుల్లో జనాభా లెక్కల గురించి మాట్లాడిన నీ సంగతి చెల్లెమ్మని అడుగు. ఆ ఇంగ్లీషు అక్షరాల పిచ్చి అతనికి చాలా గట్టిది. మన భాషలన్నిటికీ ఆ లిపే పెట్టమన్నాడు. మనం ఫోన్లో రాసుకునే తెలుగు చూస్తే సంబరపడేవాడు. అందుకే నీకు ఈ ఉత్తరం కష్టపడి తెలుగు లిపిలోనే రాస్తున్నాను.

1840లో లండన్‌లో ఖజానా శాఖకి అసిస్టెంట్ సెక్రటరీ అయ్యాడు. పేరు చిన్నగా ఉంది కానీ ఆ శాఖలో శాశ్వత ఉద్యోగులందరికీ పెద్ద అతనే. మంత్రులు మారుతుంటారు, ఇతను 1859 దాకా కదల్లేదు. ఐదేళ్లకే కరువొచ్చింది.

మొదటి ఏడాది పీల్ ప్రధాని. అమెరికా నుంచి లక్ష పౌన్ల డబ్బు పెట్టి మొక్కజొన్న గుట్టుగా కొనిపించాడు. ఇక్కడి జనానికి దాన్ని ఎలా వండుకోవాలో కూడా తెలీదు, తిని కడుపు నొప్పితో మెలికలు తిరిగారు, అయినా అది ప్రాణం నిలిపింది. 1846 జూన్‌లో ప్రభుత్వం మారి రస్సెల్ వచ్చాడు. ఖజానా మంత్రి చార్లెస్ వుడ్. ఈ పేరు గుర్తు పెట్టుకో, మళ్లీ వస్తుంది. వుడ్డూ ట్రెవెల్యనూ ఇద్దరూ ఒకే నమ్మకం ఉన్నవాళ్లు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెడితే వ్యాపారులు తప్పుకుంటారు, ఉచితంగా పెడితే జనం సోమరులవుతారు, ఐర్లండ్ ఖర్చు ఐర్లండ్ భూస్వాములే భరించాలి. దేశంలోంచి ధాన్యం బయటికి పోతుంటే ఆపొద్దన్నారు. ఆ జూలైలోనే, కొత్త దుంపకి మళ్లీ తెగులు పడుతున్న రోజుల్లో, సముద్రం మీద వస్తున్న ఒక ఓడ మొక్కజొన్న అక్కర్లేదని ట్రెవెల్యన్ రాసి పంపాడు.

తిండికి బదులు పని ఇచ్చారు. రోడ్లు వేయించారు. నీ ఉపాధి హామీ పనుల్లాంటివే, కానీ ఎముకలు కొరికే చలికాలంలో, కడుపులో ఏమీ లేని మనుషులతో. కొలత ప్రకారం కూలి. కొలిచేవాడు రాకపోతే కూలి లేదు. కూలి చేతికొచ్చేసరికి మనిషి ఉండేవాడు కాదు. 1847 మార్చి నాటికి ఏడు లక్షల మందికి పైగా ఆ పనుల మీద ఉన్నారు. ఇక లాభం లేదని ఆ ఎండాకాలం గంజి కేంద్రాలు పెట్టారు. జూలైలో రోజుకి 30 లక్షల మంది తిన్నారు. అంటే చేయగలిగారు! ఆ రోజుల్లో, రైళ్లు కూడా సరిగ్గా లేని దేశంలో, రోజుకి 30 లక్షల మందికి తిండి పెట్టగలిగారు. ఇది చదివాక నాకు కోపం ఎక్కువైంది. ఎందుకంటే ఆ శరదృతువుకల్లా వాటిని మూసేశారు. దుంప కాస్త బాగా పండింది, కరువు అయిపోయింది, ఇక ఊళ్ల పన్నులతో బీదల ఆశ్రమాలు నడుపుకోండి అన్నారు. 1848 జనవరిలో ట్రెవెల్యన్ ఒక పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు, కరువు గడిచిపోయిన కథలాగ. ఈ సమాజానికి లోపల్లోపల ముదిరిన జబ్బుంది, దాన్ని సర్వజ్ఞుడైన దేవుడు ఒక్క దెబ్బతో బయటపెట్టాడు అన్నాడు. ఆ ఏడాదీ, ఆ తర్వాతి ఏడాదీ కూడా జనం చస్తూనే ఉన్నారు.

ఆ ఏప్రిల్‌లో అతనికి సర్ బిరుదు వచ్చింది. కరువులో బాగా కష్టపడ్డాడని ఒక ఏడాది జీతం, 2,500 పౌన్లు, అదనంగా ఇచ్చారు.

ఇక్కడ రెండు రోజులు రాయడం ఆపేశాను బావా. ఇప్పుడు మంగళవారం. పాపకి కొంచెం జ్వరం, ఇప్పుడు తగ్గింది.

నువ్వేమంటావో నాకు తెలుసు. "ఫైలు మీద సంతకం నాది, నిర్ణయం పైవాళ్లది." ఎన్నిసార్లు విన్నానో ఈ మాట నీ నోట. నిజమే, చరిత్ర రాసేవాళ్లలో కూడా కొందరు అదే అంటున్నారు. ట్రెవెల్యన్ మంత్రి కాడు, నిర్ణయాలు మంత్రివర్గానివి, పాపమంతా గుమాస్తా నెత్తిన రుద్దడం అన్యాయం అని. అందులో కొంత న్యాయం ఉందనే ఒప్పుకుంటాను. కానీ మంత్రి ముందుకి వెళ్లే ప్రతి కాగితం ఇతని కలం నుంచి వెళ్లేది. ఐర్లండ్‌లో ఉన్న అధికారులు, కళ్లతో చూసినవాళ్లు, జనం పడిపోతున్నారు, గిడ్డంగులు తెరవనీయండి అని మొత్తుకుంటే వద్దని రాసింది ఇతనే. అతనేమీ తీరిగ్గా కూర్చోలేదు, రాత్రి పొద్దుపోయేదాకా పని చేసేవాడు, లంచం ముట్టుకోలేదు. అదే నాకు మింగుడు పడటం లేదు. లంచగొండి అయితే ఎక్కడో ఒకచోట మెత్తబడేవాడేమో, ఎవడో ఏడిస్తే చూడనట్టు ఊరుకునేవాడేమో. ఇతను మాత్రం, ఢిల్లీలో కోల్‌బ్రూక్ ముందు ఎలా నిలబడ్డాడో ఆకలితో ఉన్న జనం ముందూ అలాగే నిలబడ్డాడు.

సరే, ఆ తర్వాతే మన నివేదిక. గ్లాడ్‌స్టన్ ఖజానా మంత్రిగా ఉండగా, ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేసిన స్టాఫర్డ్ నార్త్‌కోట్, ఇతనూ కలిసి 1853 నవంబరులో పూర్తి చేశారు. 1854 ఫిబ్రవరిలో అచ్చయింది. ఇరవై పేజీల చిల్లర ఉంటుంది అంతే. ఇప్పుడు ఉద్యోగాల కోసం ఎగబడేది సోమరులూ చేతకానివాళ్లూనే అని మొహం మీదే రాశాడు. గుమాస్తా పని వేరు, బుర్రతో చేసే పని వేరు, రెండూ విడదీయమన్నాడు. గొడవ గొడవ అయిందట లండన్‌లో. పెద్దింటి పిల్లల ఉద్యోగాలు పోతాయి కదా. 1855లో సివిల్ సర్వీస్ కమిషన్ పెట్టారు గానీ, పూర్తి బహిరంగ పోటీ 1870కి గానీ రాలేదు. మన దేశానికొచ్చే ఐసీఎస్ వాళ్లకి మాత్రం 1855 నుంచే లండన్‌లో పరీక్ష మొదలైంది. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ అది పాసయ్యాడు. ఆ పరీక్షే ఆ తర్వాత మన దేశంలోనూ పెట్టారు, ఆ వరసలోనే యూపీఎస్సీ, మన గ్రూప్స్, అశోక్ నగర్ మెస్సులు, నీ ఉద్యోగం. మీ నాన్న చేసింది చేనేత పని, మా నాన్న కండక్టర్. సిఫార్సులే నడిచి ఉంటే నువ్వు ఆర్డీవో కుర్చీలో కూర్చునేవాడివా? అది మనసులో ఉండబట్టే అతన్ని పూర్తిగా తిట్టలేకపోతున్నాను.

అసలైన వింత ఇప్పుడు చెప్తాను. 1859 మార్చిలో అతను మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మద్రాసు అంటే మన కర్నూలు, కడప, గోదావరి, కృష్ణా అన్నీ అందులోవే. కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన కొత్త. జనం తిరగడానికి మద్రాసులో పీపుల్స్ పార్కు తలపెట్టాడు. సెంట్రల్ స్టేషన్ పక్కన ఇప్పుడు రిప్పన్ బిల్డింగూ, నెహ్రూ స్టేడియమూ ఉన్నాయే, ఆ నేలంతా ఒకప్పుడు ఆ పార్కే. మనం రైలు తప్పిపోయి అక్కడ ఫుట్‌పాత్ మీద ఇడ్లీలు తిన్నాం, గుర్తుందా?

అప్పుడే కలకత్తాలో జేమ్స్ విల్సన్ అని కొత్త ఆర్థిక సభ్యుడు వచ్చాడు. 1857 తిరుగుబాటు ఖర్చు తీర్చడానికి 1860 ఫిబ్రవరిలో దేశంలో మొదటిసారి ఆదాయపు పన్ను ప్రతిపాదించాడు. ట్రెవెల్యన్ ఒప్పుకోలేదు. మద్రాసు జనం తిరగబడలేదు, ఎవరో చేసినదానికి వీళ్లెందుకు కట్టాలి, ముందు సైన్యం ఖర్చు తగ్గించండి అని గట్టిగా మినిట్ రాశాడు. రాసి ఊరుకోలేదు, పేపర్లకిచ్చాడు! ప్రభుత్వ రహస్య కాగితం. పత్రికలకెక్కడం అతనికి పాత అలవాటే, 1843లో కూడా ఐర్లండ్ మీద మారుపేరుతో రాసి పీల్‌కి చిరాకు తెప్పించాడు. ఈసారి లండన్ ఓర్చుకోలేదు. గవర్నరు పదవి నుంచి వెనక్కి పిలిచేసింది. పిలిచిన ఇండియా మంత్రి ఎవరనుకున్నావ్? చార్లెస్ వుడ్. కరువు రోజుల్లో పక్కపక్కన కూర్చుని పనిచేసిన అదే వుడ్. మన నోట్సులో ఇంకో రెండు లైన్లు, మన దేశంలో చదువుల మీద 1854 వుడ్స్ డిస్పాచ్, ఆ వుడ్! చూశావా, మనం ఒకే పేజీలో అటూ ఇటూ రాసుకున్న పేర్లు నిజంగా ఒకే గదిలో కూర్చుని ఒకరి తలరాత ఒకరు రాసుకున్నారు.

పైగా విల్సన్ ఆ ఆగస్టులోనే కలకత్తాలో పోయాడు. కొన్నాళ్లకి ఆ ఆర్థిక సభ్యుడి కుర్చీలోకే ట్రెవెల్యన్‌ని పంపించారు. అతను 1865 దాకా ఉన్నాడు, అదే ఏడాది ఆ ఆదాయపు పన్ను గడువు తీరి పోయింది.

మెకాలే సంగతి ఒకటి మరిచాను. చెల్లెలు మొగుడి దగ్గరికి మద్రాసు వెళ్లిపోతోందని తెలిసి మెకాలే కుంగిపోయాడట. పెళ్లి చేసుకోలేదు, అతనికి ఆ చెల్లెలి కుటుంబమే లోకం. ఆమె బయల్దేరకముందే, 1859 డిసెంబరులో పోయాడు. మన చదువుల్ని తలకిందులు చేసిన మనిషి కోసం నాకు దిగులేసింది. ఎందుకో తెలీదు. అమ్మని ఊళ్లో వదిలి వచ్చిన ఆ మొదటి ఏడాది... సరే, వదిలెయ్.

ఇప్పుడు నేను నిన్ను అడగాలనుకున్నది. మా జేజి ధాత కరువు అని చెప్పేది, నువ్వూ విన్నావు మా అరుగు మీద కూర్చుని. 1876–78. కర్నూలు, బళ్లారి, కడప ఎండిపోయాయి. అప్పుడు వైస్రాయి లిట్టన్ పంపగా రిచర్డ్ టెంపుల్ అనే ఇంకో పెద్ద అధికారి వచ్చి కరువు పనుల్లో కూలి తగ్గించాడు. మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త డబ్బు. పౌను అంటే అరకిలో కూడా లేదు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ అది తింటే మనిషి బతకడని రాసి కొట్లాడాడు. ఈ టెంపుల్ మూడేళ్ల ముందు బీహార్ కరువులో ధాన్యం తెప్పించి జనాన్ని కాపాడినవాడే. అంత ఖర్చు ఎందుకు చేశావని తిట్లు తిన్నాడు. ఆ తిట్లు మన జిల్లాల మీదికొచ్చాయి. ఐర్లండ్‌లో రాసిన లెక్కే, ముప్పై ఏళ్లకి, మన ఊళ్లో. ఇక్కడి మ్యూజియంలో నాకు కాళ్లు వణికింది అందుకే. పెద్దాయనకి జేజి సంగతి చెప్పాను, ఆయన ఏమీ అనలేదు, కారు దాకా నా భుజం మీద చెయ్యేసి నడిచాడు. ఇంకోటి కూడా చెప్పాడు. ఐర్లండ్ కోసం బయటి దేశాల్లో ముందుగా చందాలు పోగుచేసింది కలకత్తాలోనేనట, సుమారు 14,000 పౌన్లు. అక్కడున్న ఐరిష్ సిపాయిలూ ఇచ్చారు.

నువ్వు పోయిన ఉత్తరంలో రాశావు, కరువు మండలాల జాబితా పంపాలి, రెండు మండలాలు వర్షపాతం లెక్కలో కొద్దిలో తప్పిపోతున్నాయి, పైనుంచి నిబంధన ప్రకారమే పొమ్మంటున్నారు, టెన్షన్‌గా ఉంది అని. ఆ తర్వాత ఏమైంది? పంపావా? కార్నిష్ లాగా ఒక పేజీ అయినా పక్కన రాసి పెట్టావా? నిన్ను నిలదీయడానికి కాదు బావా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. పరీక్ష రాసి వచ్చినవాడివి, నిన్ను ఎవడూ సిఫార్సు చేయలేదు, ఎవడికీ బాకీ లేవు. ట్రెవెల్యన్ కోరుకున్న అధికారి అచ్చంగా నువ్వే. అందుకే నాకు నీ మీద ఇంత ఆశ, ఇంత బెంగ. వర్షపాతం ఎంత పడిందో కాదు, ఆ రెండు మండలాల్లో ఇప్పుడు ఎంతమంది బెంగళూరు బస్సెక్కారో అది రాయి నాకు. వలస వెళ్లేవాళ్లు ఏ నెలలో

ఫోన్ వచ్చింది, ఆఫీసులో ఏదో సర్వరు పడిపోయిందట, వెళ్లాలి. మద్రాసు పార్కు చెరువుల గురించీ, సైన్యంలో పదవులు డబ్బిచ్చి కొనుక్కోవడం మీద ట్రెవెల్యన్ చేసిన పోరాటం గురించీ రాయాల్సింది ఇంకా చాలా ఉంది. అత్తయ్యగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నా రెండు మండలాల ప్రశ్నకి మాత్రం జవాబు ముందు రాయి, మెసేజ్ కాదు, ఉత్తరమే రాయి.

నీ
బావ